పఠనమందిరము: ఎవరి మాట వారిదే



గడచిన మాసమున ఈ పుటలలో పాతపుస్తకములకు చెదలు పట్టకుండ కాపాడుకొను విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. పుస్తకమును చెదలనుండి కాపాడుట యొక ధర్మము. అందలి మాటను పరులపాలు గాకుండ కాపాడుట మఱియొక ధర్మము. ఈ రెండవదానిని గూర్చి ఇపుడు వ్రాయబూనితిని. కళాశాలలో చదువు పిల్లలు తమ వ్యాసములందు ఆధారగ్రంథములను చూపు పద్ధతి, పొయ్యికడ నిలిచి పనిచేసికొను మన కేల యని మీరనవచ్చును. నేనును మొన్నటి సంక్రాంతివఱకు అట్లే యనుకొంటిని. ఆ పండుగసెలవులలో మా యింట జరిగిన సంగతి వినిన పిమ్మట, ఇది మనకును గావలసినదే యని మీరే యందురు.

మా ఆడబిడ్డ కూతురు ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. చదువుచున్నది. చుఱుకైన పిల్ల. పండుగకు మా యింటికి వచ్చిన దగ్గఱనుండి ఆ పిల్ల ముఖమున కళ లేదు. అరిసెలు పెట్టిన ముట్టలేదు; ముగ్గులకు రమ్మనిన రాలేదు. కనుమనాటి రాత్రి మావారు నిద్రించిన పిమ్మట, నా ప్రక్కకు వచ్చి కూర్చుండి, సంచిలోనుండి కొన్ని కాగితములు తీసి నా చేతిలో నుంచెను. అది తొలినాటి తెలుగు కథలలో స్త్రీని గూర్చి ఆంగ్లమున వ్రాసిన పదునేను పుటల వ్యాసము. పదునొకండు చోట్ల ఎఱ్ఱసిరాతో ఒక్కటే ప్రశ్న: “ఎక్కడిది?” కడపటి పుటలో ఆచార్యులవారి వ్రాత: ఇందు మూడు పేరాలు పరుల మాటలనియు, రెండు వారములలో సరిచేసి తెచ్చినచో మఱల చూచెదననియు, లేనిచో మార్కు లుండవనియు.

“అత్తయ్యా, నేను దొంగను కాను” అని పిల్ల కన్నీరు పెట్టుకొనెను. “రాత్రులు మేల్కొని పుస్తకములు చూచితిని. నచ్చినవెల్ల నోటుపుస్తకములో ఎక్కించుకొంటిని. నెల గడచిన పిమ్మట వ్యాసము వ్రాయ కూర్చుండునప్పటికి ఏది పుస్తకములోని మాటయో, ఏది నా మాటయో నాకే తెలియలేదు. బాగున్నవన్నియు నావే యనిపించినవి.”

ఆ కడపటి మాట నా గుండెలో గ్రుచ్చుకొన్నది. అది యేల గ్రుచ్చుకొన్నదో చివర చెప్పెదను.

ఆ రాత్రి పిల్లను పరుండబెట్టి, మఱునాటి నుండి ఇద్దఱమును కూర్చుండి ఆ వ్యాసమును బాగుచేయ నారంభించితిమి. నాకు కళాశాల చదువు లేదు. మా తండ్రిగారు ఇంటనే రఘువంశమును, భారతమును చెప్పిరి. కాని పని మొదలుపెట్టిన పిమ్మట, ఆ పిల్ల నేర్వవలసిన విద్య నాకు బొత్తిగా క్రొత్తది కాదని తోచినది. రఘువంశమునకు వ్యాఖ్య వ్రాసిన కోలాచల మల్లినాథసూరి మన తెలుగువాడే. మెదకుసీమలోని కొలిచెలమ ఆయన యూరు. మూలము లేనిది ఒక్కటియు వ్రాయననియు, అక్కఱ లేనిది చెప్పననియు ఆయన ప్రతిజ్ఞ పట్టి మఱీ వ్యాఖ్యకు పూనుకొనెను. ఒక పదమునకు అర్థము చెప్పునపుడు అది అమరములోనిదో, మఱియొక నిఘంటువులోనిదో ఆ నిఘంటువు పేరు చెప్పును. రూపము సాధించునపుడు పాణిని సూత్రమును చూపును. చిన్నతనమున అవి నాకు విసుగు పుట్టించెడివి. అర్థము తెలిసినది గదా, ఎక్కడిదైన నేమి యని మా తండ్రిగారి నడిగితిని. “నా మాట నమ్మవద్దు, వెళ్లి చూచికొమ్మని యాయన మనకు త్రోవ చూపుచున్నాడమ్మా” అని వారు బదులు చెప్పిరి. ఆధారము చూపుటలోని పరమార్థ మింతయే. చదువరికి త్రోవ చూపుట. మాట చెప్పినవారికి వారి మర్యాద వారి కిచ్చుట.

మన పెద్ద నిఘంటువులందును ఈ పద్ధతియే కలదు. 1936వ సంవత్సరమున మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తెఱచి చూడుడు. పదమునకు అర్థము చెప్పి, ప్రయోగము చూపి, అది యే కావ్యమున ఏ యాశ్వాసమున నున్నదో సంకేతాక్షరములతో తెలుపుదురు. కళాశాలవారి కుండలీకరణములును దాని చెల్లెండ్రే.

మొదటిపని పద్ధతి యేదో తెలిసికొనుట. “మా శాఖలో ఎమ్.ఎల్.ఏ. పద్ధతి వాడవలెను, అత్తయ్యా” అని పిల్ల యనగా, “ఎమ్మెల్యేగారికిని నీ వ్యాసమునకును ఏమి సంబంధమే?” అని నేను వెఱగుపడితిని. మూడు దినములకు ఆ పిల్ల నవ్వినది అపుడే. అది అమెరికాలో 1883వ సంవత్సరమున స్థాపింపబడిన మాడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ అను పండితసంఘము పేరట. వారి చేపుస్తకము 1977లో మొదట వచ్చినది. 2021లో వచ్చినది తొమ్మిదవ కూర్పు. సాహిత్యము చదువువారు దీని ననుసరింతురు. మనస్తత్త్వశాస్త్రము, విద్యాశాస్త్రము మున్నగునవి చదువువారికి ఏ.పీ.ఏ. పద్ధతి, అది 1929లో ఒక పత్రికలో ఏడు పుటల వ్యాసముగా పుట్టి, నేడు పెద్ద గ్రంథమై ఏడవ కూర్పు నందినది. చరిత్ర వ్రాయువారిలో పెక్కుమంది, 1906లో మొదట అచ్చయిన షికాగో పద్ధతి ననుసరించి పుట యడుగున గుఱుతులు వేయుదురు. ఏది గొప్ప యను వాదము వలదు. ఆవకాయ పెట్టుటలో ఒక్కొక్క యింటి కొక్కొక్క పాళము గలదు. ఒక జాడీలో రెండు పాళములు కలిపిన పాడగును. ఒక వ్యాసమున ఒక్క పద్ధతియే యుండవలెను. అది యేదో ఆచార్యులు చెప్పినదే.

ఇక వ్యాసము రూపము. మీ పిల్లల కాగితములు మీరును సరిచూడ వీలగునట్లు వివరముగా వ్రాయుచున్నాను. నాలుగు ప్రక్కల అంగుళము చొప్పున అంచు విడువవలెను. పంక్తికిని పంక్తికిని నడుమ రెట్టింపు ఎడము మొదటినుండి చివరవఱకు నుండవలెను. ప్రత్యేకముగా ముఖపత్ర మక్కఱలేదు. మొదటి పుటలో ఎడమ ప్రక్కన పైన విద్యార్థి పేరు, ఆచార్యుల పేరు, పాఠ్యాంశము పేరు, తేది ఒకదాని క్రింద నొకటి వ్రాసి, తరువాతి పంక్తి నడుమ వ్యాసము పేరు వ్రాయవలెను. దాని క్రింద గీత గీయరాదు, పెద్ద యక్షరములతో అలంకరింపరాదు. ప్రతి పుటకును కుడి ప్రక్క పై కొసను ఇంటిపేరును పుటసంఖ్యయు నుండవలెను. పేరా మొదలు అర యంగుళము లోనికి జరుపవలెను. మా పిల్ల తన వ్యాసమునకు పూలతీగెల ముఖపత్ర మొకటి కుట్టినది. “ఇది పెండ్లిపత్రిక కాదు తల్లీ” అని దానిని తీసివేయించితిని.

రూపము కుదిరిన పిమ్మట, ఆ పదునొకండు ఎఱ్ఱగుఱుతులకడకు వచ్చితిమి. పుస్తకములోని మాటను ఉన్నదున్నట్లు వాడినచో ఉదాహరణచిహ్నముల నడుమ నుంచవలెను. వెంటనే కుండలీకరణమున గ్రంథకర్త ఇంటిపేరును, పుటసంఖ్యయు వేయవలెను. ఈ రెంటికి నడుమ కామా కూడ లేదు. ఎత్తి వ్రాసిన వచనము నాలుగు పంక్తులు మించినయెడల, దానిని వేఱు పేరాగా అర యంగుళము లోపలికి జరిపి వ్రాయవలెను. అపుడు ఉదాహరణచిహ్నము లుండవు, ఆ జరుపుటయే గుఱుతు. మాటలు మనవైనను భావము పరులదైనచో అపుడును పేరును పుటయు చూపవలసినదే. లోకమెల్ల నెఱిగిన విషయమునకు మాత్ర మక్కఱలేదు. గోదావరి తూర్పు సముద్రమున కలియుననుటకు సాక్ష్యమెందులకు?

ఇచ్చట పిల్ల తటాలున ఒక మాట యనినది. “ఆ మూడు పేరాలలో వరుసకు నాలుగేసి మాటలు మార్చి వేసినచో యంత్రము పట్టుకొనజాలదట. నా స్నేహితురాండ్రు అట్లే చేయుదురు.”

కళాశాలలందు వ్యాసమును పాత వ్రాతలతో పోల్చి చూచు సాఫ్టువేరు కలదు. ఆ పిల్ల దానికి వెఱచుచున్నదే కాని, చేసిన పనికి కాదు. నాకు కోపము రాలేదనిన అబద్ధము. కాని కేకలు వేయక, పదవ శతాబ్దమునాటి రాజశేఖరుని కావ్యమీమాంస సంగతి చెప్పితిని. పరుల కావ్యమునుండి గ్రహించుటను ఆయన శబ్దహరణమనియు, అర్థహరణమనియు విభజించి అధ్యాయములే వ్రాసెను. అర్థహరణమున మొదటి భేదము ప్రతిబింబకల్పము. అనగా భావమంతయు పరునిదే, మాటలు మాత్రము వేఱు, అద్దములో ముఖమువంటిది. ఆలంకారికులు దీనిని విడువవలసినదిగా నెంచిరి. “వేయేండ్ల క్రిందటనే పెద్దలు పట్టుకొనిన దొంగతన మిది. నీ యంత్రము పట్టకపోయిన నేమి? నీకు తెలియును గదా” అంటిని. పిల్ల తలవంచుకొని, ఆ మూడు పేరాలను కొట్టివేసెను. ఒకదానిని ఉదాహరణచిహ్నముల నడుమ నుంచి గ్రంథకర్త పేరు చూపితిమి. రెండవదానిని, పుస్తకము మూసి, దానిని గూర్చి తాను నిజముగా నేమి తలచినదో నాతో నోట చెప్పి, ఆ చెప్పినదే వ్రాసి, భావము ఎవరిదో చెప్పినది. మూడవదాని యక్కఱ లేకపోయినది. వ్యాసము చిన్నదైనది, కాని అందు పిల్ల గొంతు వినవచ్చినది.

పై తరగతుల సిద్ధాంతవ్యాసములకు ఈ విషయమున చట్టమే కలదు. విశ్వవిద్యాలయ ధనసహాయసంఘమువారు 2018లో చేసిన నిబంధనల ప్రకారము, పోలిక నూటికి పది వఱకు శిక్ష లేదు. పదినుండి నలువదివఱకైన ఆఱునెలల లోపల సరిచేసి మఱల ఇయ్యవలెను. నలువదినుండి అఱువదివఱకైన ఒక సంవత్సరము వఱకు మఱల ఇయ్య వీలులేదు. అఱువది మించినచో ఆ చదువునకు పేరే కొట్టివేయుదురు. తగినట్లు పేరు చూపి ఉదాహరించిన భాగమును, గ్రంథసూచిని ఆ లెక్కలో చేర్పరు. కావున పేరు చెప్పి తీసికొన్నది దొంగతనము కాదని చట్టమును ఒప్పుకొన్నట్లే. పొరుగింట అడిగి తెచ్చుకొన్న చేటకును, అడుగక తెచ్చుకొన్న చేటకును గల భేదమే ఇది.

తరువాత చివరి పట్టిక. దీనిని మనవారు ఉపయుక్తగ్రంథసూచి యందురు. ఎమ్.ఎల్.ఏ. పద్ధతిలో, వ్యాసమున పేర్కొన్న గ్రంథములే ఇందుండవలెను. చూచి విడిచినవి చేర్చి పట్టికను ఉబ్బింపరాదు. క్రొత్త పుటలో మొదలుపెట్టి, గ్రంథకర్తల పేళ్ల యకారాదిక్రమమున వ్రాయవలెను. మొదటి పంక్తి అంచునుండి, తక్కిన పంక్తులు అర యంగుళము లోపలినుండి.

ఇందొక చక్కని యూహ కలదు. 2016లో వచ్చిన ఎనిమిదవ కూర్పునుండి వారు ‘పాత్ర’ యను మాట వాడుచున్నారు. కథ పచ్చడివంటిది; కథాసంపుటము జాడీవంటిది. వ్యాసము పచ్చడి, పత్రిక జాడీ. పచ్చడి పేరును ఉదాహరణచిహ్నముల నడుమను, జాడీ పేరును వాలు అక్షరములతోను వ్రాయుదురు. మొదట గ్రంథకర్త, పిదప కథ పేరు, పిదప సంపుటము పేరు, కూర్చినవారి పేరు, ఎన్నవ కూర్పో, సంపుటసంఖ్య, ప్రకాశకులు, సంవత్సరము, పుటలు. ఉన్నంతవఱకు ఈ వరుసనే. ఈ జాడీమాట చెప్పగనే పిల్లకు పట్టిక వ్రాయుట యాటయైపోయినది.

పేళ్లకడ ఒక చిక్కు వచ్చినది. పాశ్చాత్యుల పేళ్లలో ఇంటిపేరు చివర నుండును. కావున పట్టికలో దానిని ముందునకు త్రిప్పి కామా వేయుదురు. మన భండారు అచ్చమాంబగారి ఇంటిపేరు ముందే యున్నది. కంప్యూటరు ఆ సంగతి యెఱుగక ‘అచ్చమాంబ’ను ఇంటిపేరుగా చేసి, భండారును వెనుకకు నెట్టినది. ఇంటిపేరు మొదటనే యుండు పేళ్లను త్రిప్పక, కామా లేక, ఉన్నట్లే వ్రాయవలెనని వారి పద్ధతియే చెప్పుచున్నది. ఇంకొక నియమ మేమనగా, వ్యాసములోని కుండలీకరణమున ఏ మాట వేసితిమో, పట్టికలోని పద్దు ఆ మాటతోనే మొదలు కావలెను. లేనిచో చదువరి వెదకి వేసారును.

అచ్చమాంబగారి పేరు వచ్చినది కావున ఒక సంగతి. మా పిల్ల వ్యాసపు మొదటి పంక్తిలోనే, తెలుగులో మొదటి కథ గురజాడవారి ‘దిద్దుబాటు’ అని వ్రాసినది. దాని ప్రక్కన ఆచార్యులవారి ఎఱ్ఱగుఱుతు: “ఇది యెవరి మాట?” ఆ పిల్ల చిన్ననాటనుండి విన్న మాట, అందఱును అనుమాట. కాని ‘దిద్దుబాటు’ 1910లో వెలువడినది. అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ 1902లోనే హిందూసుందరి పత్రికలో అచ్చయినది. అచ్చమాంబగారు 1905లో చనిపోయిరి. ఏది తొలికథ యను వాదమున పండితులు ఏ పక్షము పట్టినను పట్టనిండు. కాని ఆ పత్రిక పేరును, సంవత్సరమును ఎవరో శ్రద్ధగా గుఱుతు పెట్టకపోయినయెడల, ఆ యిల్లాలి పక్షమున మాటలాడుటకే వీలుండెడిది కాదు గదా! సంవత్సరమును పత్రిక పేరును వ్రాయుట చాదస్తమని నేనిక అనజాలను.

పిల్ల వెంటనే హిందూసుందరి పేరును, 1902 అను అంకెను పట్టికలో వేయబోయినది. “ఆ పత్రికను నీవు చూచితివా?” అంటిని. లేదు, ఇటీవలి కథాసంపుటములో చదివినది. ఏ పుస్తకము మన చేత నున్నదో దానినే చూపవలెను. చూడనిదానిని చూచినట్లు వ్రాయుట కూట సాక్ష్యము. మొదట ఎచ్చట, ఎపుడు అచ్చయినదో ఆ పుస్తకములోనే యున్నచో, ఆ సంగతి వ్యాసమున వేఱుగ చెప్పవచ్చును.

ఏ కూర్పు చూచితిమను మాట ఎంత ముఖ్యమో ముద్దుపళని కావ్యమైన రాధికాసాంత్వనము చరిత్ర చెప్పును. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చయిన కూర్పులో, ఆమె తన వంశమును గూర్చి వ్రాసికొన్న పీఠికను, కొన్ని పద్యములను పరిష్కర్తలు విడిచివేసిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి, సరిచూచి, 1910లో వావిళ్లవారిచేత సమగ్రముగ అచ్చు వేయించిరి. పిదప దొరతనమువారు దానిని నిషేధించిరి. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ రెండు కూర్పులను చేతబట్టిన యిద్దఱు చదువరులు వేఱువేఱు పుస్తకములు చదివినవారే. ఒకరికి ముద్దుపళని తన వంశమును చెప్పికొన్న విదుషి. ఒకరికి పీఠిక లేని పేరు మాత్రమే. కావున కూర్పు పేరును, పరిష్కర్త పేరును విడువరాదు.

ఇక నేటి కాలపు చిక్కొకటి. పిల్ల తన పట్టిక నింపుటకై, ఫోనులోని కృత్రిమమేధను ఆధారగ్రంథము లడిగినదట. అది క్షణములో అయిదు పేళ్లు చెప్పినది. గ్రంథకర్త, పత్రిక, సంవత్సరము, పుటసంఖ్యలతో సహా. ఎంత ముచ్చటగా నున్నవి! మావారు తమ బడి గ్రంథాలయమునందును, ఇంటర్నెట్టునందును వెదకగా మూడింటి జాడ తెలిసినది. రెండు వ్యాసము లసలే లేవు. ఆ పత్రికలు నిజమైనవే, ఆ పుటలలో మఱియేదో యున్నది. యంత్రము అబద్ధమాడవలెనని ఆడదట. వినసొంపైన మాటను అల్లుటయే దాని పని. కాని కాపురము చేయువారము మనము. పెండ్లిసంబంధము తెచ్చిన పేరయ్య మాట విని, వరుని చూడక పిల్ల నిత్తుమా? ప్రతి ఆధారమును కంట చూచి, పుట తెఱచి, సరిచూచిన పిమ్మటనే వ్రాయవలెను. యంత్రము సాయమును పొందినచో, ఆ సంగతియు దాచక చెప్పవలెనని ఆ పండితసంఘమువారు 2023లో త్రోవ చూపిరి. దానిని గ్రంథకర్తగా మాత్రము వారు పరిగణింపరు. ఒక్కొక్క కళాశాల దానిని వాడనే వలదనును; కావున ఆచార్యుల నడుగుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైన యుపాయము మొదటనే యున్నది. రోగము పుట్టినది నోటుపుస్తకములో. కావున మా పిల్లకు రెండు కలములు కొనియిచ్చితిని. పుస్తకములోని మాట నీలిసిరాతో. తన తలంపు పచ్చసిరాతో. ఏదియైన ఎక్కించుకొనుటకు ముందు, పుట నెత్తిన గ్రంథము పేరు, కూర్పు, పుటసంఖ్య వ్రాయవలెను, తరువాతనే మాట. చాకలిపద్దు వ్రాయువారము మనము. బట్ట వేసినపుడే వ్రాసికొన్న తగవు లేదు, వారము గడచిన పిమ్మట వ్రాయబోయిన ఏ చీర యెవరిదో తేలదు.

ఇంతవఱకు ఆ పిల్ల కథ. ఇక నా కథ.

పని ముగియవచ్చిన దినమున నేను ఊరకే యడిగితిని: “పుస్తకములో లేనిది, ఒకరు నోట చెప్పినది వ్యాసమున వాడినచో ఏమి చేయుదురే?” పిల్ల వెదకి చెప్పినది. ఎమ్.ఎల్.ఏ. పద్ధతిలో చెప్పినవారి పేరు వ్రాసి, స్వయముగా కలిసి వినినదని, తేదితో పట్టికలో చేర్తురట. ఏ.పీ.ఏ. పద్ధతిలో చివరి పట్టికలో వేయరు కాని, వ్యాసములో వారి పేరు, తేది చెప్పితీరవలెను. అనగా అక్షరము రాని ముసలమ్మ మాటకును పండితుల పట్టికలో పీట యున్నది!

నాకు చేతిలోని కాగితము బరువైనది. గత సంవత్సరము ఈ పుటలలోనే అప్పగింతలపాటలను గూర్చి నేను వ్రాసితిని. మీలో పెక్కురు మెచ్చి జాబులు వ్రాసిరి. ఆ పాటలలోని కష్టమైన మాటల యర్థములు, ఏ పాట యే తంతునకు పాడుదురో ఆ వివరము, ఒకానొక పాటను పెండ్లికూతురు తల్లి పాడక మేనత్త యేల పాడునో ఆ కారణము, ఇవన్నియు నావి కావు. మా పెద్దత్తగారివి. మావారి తల్లికి అక్కగారు. మూడు వేసవులు మాగాయముక్కలు ఎండబెట్టుచు, ఆ మనుమరాలికి చెప్పినట్లే నాకును చెప్పిరి. నేను వంటయింటి నోటుపుస్తకములో ఎక్కించుకొంటిని. పేరు వ్రాయలేదు. ఏడాది గడచిన పిమ్మట ఎత్తి వ్రాయునపుడు, బాగున్నవన్నియు నావే యనిపించినవి. “నే నెఱిగినంతవఱకు” అని మొదలుపెట్టి రెండు పుటలు నింపితిని.

ఆమెకు చూపు తగ్గినది. ఆ వ్యాసమును ఎవరో చదివి వినిపించిరట. నేను ప్రక్కన కూర్చుండి పొగడ్తకై యెదురు చూచితిని. “బాగున్నదమ్మా. ఈ మాటలు నేనును ఎచ్చటనో వినియుంటిని” అనిరి. అంతే. ఆ రోజున అది వృద్ధాప్యపు మఱపని తలచితిని. పిల్ల “నాకే తెలియలేదు” అన్న రాత్రి, అది మఱపు కాదని తెలిసినది.

సంక్రాంతి వెళ్లిన నాలుగవనాడు నేనును పిల్లయు వారి యూరు వెళ్లితిమి. కాళ్లకు మ్రొక్కి తప్పు చెప్పికొంటిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “పాట నాది కాదమ్మా, మా అమ్మది. ఆమెకు వాళ్ల మేనత్త నేర్పినది. వ్రాసెదవేని ఆమెదాక వ్రాయుము” అనిరి. పిల్ల సంచిలోనుండి పచ్చసిరా కలమును తీయక, నీలిసిరా కలమును తీసి, తేది వేసి, ఆమె చెప్పినట్లు వ్రాసికొన్నది. వరుసగ నలుగురు స్త్రీల పేళ్లు. వానిలో మూడు పేళ్లు ఇంతకుమున్ను ఏ కాగితమునను ఎక్కియుండవు.

పిల్ల వ్యాసమును మఱల సమర్పించినది. ఎన్ని మార్కులు వచ్చునో ఇంకను తెలియదు. పదునేను పుటలు పదునొకండైనవి. ప్రతి యెఱ్ఱగుఱుతునకును బదులున్నది.

కావున సోదరీమణులారా, మీ పిల్లలు వ్యాసము వ్రాయునపుడు మీకు ఆంగ్లము రాకపోయినను, ప్రక్కన కూర్చుండి ఒక్క ప్రశ్న అడుగుడు: “ఇది ఎక్కడిదమ్మా?” ఆ ప్రశ్నకు బదులు చెప్పగలిగినంతవఱకు వ్యాసము పిల్లది. మీ చేతివ్రాత పుస్తకములు తెఱచి, పచ్చడి విధానము ప్రక్కన, పాట ప్రక్కన, మందు ప్రక్కన, చెప్పినవారి పేరును, వారు చెప్పిన సంవత్సరమును వ్రాయుడు. వారు బ్రతికియుండగనే వ్రాయుడు. తప్పులున్న వారే దిద్దుదురు.

గత సంవత్సరపు అప్పగింతలపాటల వ్యాసమున “నే నెఱిగినంతవఱకు” అని యున్నచోట “మా పెద్దత్తగారు చెప్పినంతవఱకు” అని దిద్దుకొని చదువ ప్రార్థన.